ఈజీఆర్ వాల్వ్ సెన్సార్ కోడ్ వచ్చిందా? కొత్త వాల్వ్ కొనేముందు చేయాల్సిన పరీక్షలు

డీజిల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పీ0405 లేదా పీ0406 కనబడగానే చాలా షెడ్లలో వినబడే మాట "ఈజీఆర్ పోయింది, మార్చేద్దాం". ఈజీఆర్ అంటే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్. అది ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్ ఒక్కటే విడిగా దొరకడం అరుదు. మోటారు, గేర్లు, వాల్వ్, సెన్సార్ కలిపి ఒకే అసెంబ్లీగా అమ్ముతారు కాబట్టి బిల్లు వేలల్లో ఉంటుంది. కొత్తది బిగించాక అదే కోడ్ మళ్లీ వస్తే ఆ డబ్బు పోయినట్టే. ఒకసారి బిగించిన ఎలక్ట్రికల్ పార్టుని షాపువాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు. నిజానికి ఆ కోడ్ సెన్సార్ పాడైందని చెప్పదు. సెన్సార్ సిగ్నల్ వైరు మీద ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చూసిన వోల్టేజీ హద్దు దాటిందని మాత్రమే చెబుతుంది. ఆ తప్పు సెన్సార్‌దా, వైరుదా, కనెక్టర్‌దా, పక్కనున్న ఇంకో సెన్సార్‌దా అన్నది ఒక మల్టీమీటర్‌తో మీరే తేల్చవచ్చు.

ఇక్కడ చెప్పేది ఐదు పిన్నుల కనెక్టర్ ఉన్న ఎలక్ట్రిక్ ఈజీఆర్ వాల్వ్ గురించి. మన దగ్గర తిరిగే కామన్ రైల్ డీజిల్ కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండు పిన్నులు మోటారుకి, మూడు పిన్నులు పొజిషన్ సెన్సార్‌కి. కొన్ని పెట్రోలు కార్లలో ఆరు పిన్నుల స్టెప్పర్ మోటారు రకం ఉంటుంది. దానిలో పొజిషన్ సెన్సారే ఉండదు, కాబట్టి ఈ పరీక్షలు దానికి పనికిరావు. వాక్యూమ్ గొట్టంతో పనిచేసే పాత రకానికి పైన సెన్సార్ ఉంటే, సెన్సార్ వరకు ఇవే పరీక్షలు చేయవచ్చు.

సెన్సార్ చేసే పని

ఈజీఆర్ వాల్వ్ సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. దానివల్ల సిలిండర్లో మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. వాల్వ్ ఎంత తెరుచుకుందో ఈసీయూకి చెప్పేది పొజిషన్ సెన్సార్. ఈసీయూ ఒక పిన్నుకి 5 వోల్టులు, ఇంకో పిన్నుకి గ్రౌండ్ ఇస్తుంది. మూడో పిన్ను మీద సెన్సార్ తిరిగి పంపే వోల్టేజీయే సిగ్నల్. చాలా వాల్వ్‌లలో మూసి ఉన్నప్పుడు సిగ్నల్ 0.5 నుంచి 1.2 వోల్టుల మధ్య, పూర్తిగా తెరిస్తే 4 వోల్టుల దగ్గర ఉంటుంది. కొన్నింటిలో ఇది తలకిందులు: మూసి ఉన్నప్పుడు 4 వోల్టుల పైన ఉండి, తెరిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే మీ బండి సర్వీస్ మాన్యువల్లో విలువ చూడకుండా "ఎక్కువ వస్తోంది, సెన్సార్ పోయింది" అనకండి.

సున్నా, అయిదు అనే కొసలు రెండూ కావాలనే వదిలేస్తారు. సిగ్నల్ సున్నాకి పడితే 5 వోల్టుల వైరు తెగిందనో సిగ్నల్ వైరు బాడీకి తగిలిందనో, 5కి ఎక్కితే పాజిటివ్‌కి తగిలిందనో గ్రౌండ్ తెగిందనో ఈసీయూ పసిగట్టడానికే ఆ ఏర్పాటు.

కావాల్సిన సామాను

డిజిటల్ మల్టీమీటర్, కనెక్టర్ వెనక నుంచి గుచ్చడానికి సన్నని ప్రోబ్ పిన్నులు, ఫ్యూజ్ ఉన్న చిన్న జంపర్ వైరు, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి, కాంటాక్ట్ క్లీనర్, ఓబీడీ స్కానర్. చవకైన బ్లూటూత్ ఈఎల్ఎమ్ 327 అడాప్టర్ కోడ్లు చదవడానికి, లైవ్ డేటా చూడడానికి సరిపోతుంది. వాల్వ్‌ని కదిలించే యాక్చువేటర్ టెస్టుకీ, కొత్త వాల్వ్‌ని నేర్పించడానికీ మాత్రం ఆ కంపెనీ బండిని పూర్తిగా చదవగల స్కానర్ కావాలి.

బల్బు ఉన్న పాతకాలపు టెస్ట్ ల్యాంపుని సెన్సార్ వైర్లకు తగిలించవద్దు. 5 వోల్టుల లైను అంత కరెంటుకి తయారు చేసింది కాదు, ఈసీయూ లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

1. కోడ్ చెరపకముందే రాసుకోండి

బ్యాటరీ టెర్మినల్ పీకి మళ్లీ పెట్టడం మన షెడ్లలో ఒక అలవాటు. దాంతో కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎమ్ ఎంత, బండి వేగం ఎంత అన్నది ఆ ఫ్రేమ్‌లోనే ఉంటుంది. కూలెంట్ 90 డిగ్రీలున్నప్పుడు మాత్రమే వచ్చే తప్పుని పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద వెతికితే ఏమీ దొరకదు. ఆ వివరాలు ఫోటో తీసుకోండి.

తర్వాత కోడ్ ఏ జాతిదో చూడండి. పీ0405 అంటే సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువ, పీ0406 అంటే మరీ ఎక్కువ. ఈ రెండూ పూర్తిగా విద్యుత్ సమస్యలు, నేరుగా మీటరు పట్టుకోవచ్చు. పీ0403, పీ0489, పీ0490 మోటారు వైర్లకు చెందినవి. పీ0404 అంటే ఈసీయూ అడిగిన చోటికి వాల్వ్ చేరలేదు. మసి పట్టి ఇరుక్కున్నా, మోటారు బలహీనపడినా, సెన్సార్ ట్రాక్ అరిగినా ఈ కోడే వస్తుంది. పీ0641 లేదా పీ0651 కూడా పక్కన ఉంటే ముందు దాన్నే పట్టుకోండి. అది సెన్సార్లకి ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల రిఫరెన్స్ లైనుది, ఈజీఆర్ కోడ్ దాని వెంట వచ్చి ఉండవచ్చు.

పీ0401, పీ0402 వేరే కథ. ఇవి ఎంత పొగ తిరిగి వస్తోందన్న లెక్కకు చెందినవి, పొజిషన్ సెన్సార్‌తో వీటికి చాలాసార్లు సంబంధం ఉండదు. డీజిల్ ఇంజిన్లో ఈసీయూ ఆ లెక్కను ఎక్కువగా ఎయిర్ ఫ్లో సెన్సార్ ద్వారా వేస్తుంది: పొగ లోపలికి వస్తే ఆ మేరకు తాజా గాలి తగ్గాలి. కాబట్టి ఎయిర్ ఫ్లో సెన్సార్ మురికి పట్టినా, టర్బో తర్వాతి గొట్టం చిరిగినా, ఎవరైనా ఈజీఆర్ దారికి రేకు అడ్డం పెట్టినా ఇవే కోడ్లు వస్తాయి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఆ రేకు ఉందేమో ముందు చూడండి.

2. లైవ్ డేటా: కీ ఆన్, ఇంజిన్ ఆఫ్

స్కానర్‌లో ఈజీఆర్ కమాండ్ శాతం, వాల్వ్ పొజిషన్ శాతం, వీలైతే సెన్సార్ వోల్టేజీ తెరవండి. కోడ్ పీ0405 ఉండి వోల్టేజీ 0 దగ్గరే కదలకుండా ఉంటే తప్పు ఇప్పుడు, ఈ క్షణంలో ఉంది. పట్టుకోవడం తేలిక. విలువ మామూలుగా ఉంటే తప్పు వచ్చి పోయే రకం. అప్పుడు వైరింగ్‌ని చేత్తో మెల్లగా ఊపుతూ, వంచుతూ తెరవైపు చూడండి. అంకె ఎక్కడ ఎగిరితే తప్పు అక్కడే.

మామూలు ఓబీడీ యాప్‌లలో "ఈజీఆర్ ఎర్రర్" అని ఒక శాతం కనబడుతుంది. అది 99.2 దగ్గర ఆగి ఉంటే చాలామంది కంగారు పడతారు. ఆ లెక్క, అసలు తెరుచుకున్నదానికీ అడిగినదానికీ ఉన్న తేడాని అడిగినదానితో భాగించి వస్తుంది. అడిగింది సున్నా అయినప్పుడు భాగించడం కుదరదు. వాల్వ్ కొద్దిగా తెరుచుకుని కనబడినా చాలు, ఆ విలువ గరిష్ఠానికి వెళ్లిపోతుంది. ఐడిల్‌లో ఈజీఆర్ పని చేస్తున్నప్పుడు చూసిన విలువకే అర్థం ఉంటుంది.

3. కనెక్టర్, వైర్లు

ఈ ఒక్క మెట్టు దగ్గరే చాలా కేసులు తేలిపోతాయి, కాబట్టి తొందరపడకండి. వాల్వ్ ఇంజిన్ వేడి పక్కనే ఉంటుంది. ఏళ్ల తరబడి కాగి వైరు తొడుగు పెళుసుబారుతుంది, వంపు తిరిగే చోట పగులుతుంది. బ్రాకెట్ అంచుకి రాసుకుని రాగి బయటపడుతుంది. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే ఎలుకలు సరేసరి. ఇంజిన్‌ని ప్రెషర్ వాటర్‌తో కడిగించిన వారంలోనే కోడ్ వచ్చిందంటే కనెక్టర్లో నీరు చేరి ఉంటుంది.

కీ ఆఫ్ చేసి కనెక్టర్ విప్పండి. పచ్చటి తుప్పు, నల్లబారిన పిన్ను, వంగిన పిన్ను, వెనక్కి జారిపోయిన టెర్మినల్, లేని రబ్బరు సీలు, ఇవన్నీ చూడండి. ఆడ టెర్మినల్ సాగిపోయి వదులైతే కంటికి తెలియదు. అదే కొలత ఉన్న పిన్నుని దూర్చి లాగితే కొంచెమైనా పట్టు తెలియాలి. మల్టీమీటర్ లావు ప్రోబ్‌ని ఆ రంధ్రంలో దూర్చవద్దు. మీరు చేసిన సాగుడే రేపటి తప్పు అవుతుంది.

4. ఏ పిన్ను ఏదో కనిపెట్టడం

వైరింగ్ డయాగ్రమ్ ఉంటే మంచిదే. లేకపోతే ఇలా చేయండి. కనెక్టర్ విప్పి ఉంచి, కీ ఆన్ చేసి, మీటరు నల్ల ప్రోబ్‌ని బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టి, హార్నెస్ (ఈసీయూ నుంచి వచ్చే వైర్ల కట్ట) వైపు ఒక్కో పిన్నుని కొలవండి.

ఒక పిన్ను మీద 4.8 నుంచి 5.2 వోల్టులు వస్తే అది రిఫరెన్స్ కావచ్చు. కొన్ని ఈసీయూలలో సిగ్నల్ పిన్నుకి కూడా లోపలి నుంచి పుల్-అప్ (5 వోల్టులకి కలిపిన రెసిస్టర్) ఉండి అదీ 5 వోల్టులు చూపిస్తుంది. రెండింటినీ వేరు చేయడానికే ఆ 1 కిలో ఓమ్ రెసిస్టర్. పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టర్ పెట్టినా 5 వోల్టులు నిలబడితే అది రిఫరెన్స్, బాగా కిందికి పడిపోతే అది సిగ్నల్. గ్రౌండ్ పిన్నుని కీ ఆఫ్‌లో ఓమ్ స్కేలు మీద కనిపెట్టవచ్చు: బ్యాటరీ నెగెటివ్‌కి దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తుంది. మిగిలినవాటిలో రెండు మోటారువి, అవి సాధారణంగా కొంచెం లావు వైర్లు. మూడోది మిగిలితే అది సిగ్నల్.

5. 5 వోల్టులు లేకపోతే

వాల్వ్ మీద అనుమానం ఇక్కడ ఆపేయండి. అదే 5 వోల్టుల లైను చాలా బండ్లలో బూస్ట్ ప్రెషర్ సెన్సార్, రైల్ ప్రెషర్ సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్, ఏసీ ప్రెషర్ సెన్సార్ లాంటి వాటిలో కొన్నిటికి కూడా పోతుంది. వాటిలో ఒక్కటి లోపల షార్టయినా లైను మొత్తం కూలుతుంది. కనెక్టర్ పెట్టి ఉన్నప్పుడు లేని 5 వోల్టులు విప్పగానే తిరిగొచ్చాయంటే మాత్రం షార్టు ఈజీఆర్‌లోనే ఉంది. విప్పినా రాకపోతే కీ ఆన్, ఇంజిన్ ఆఫ్‌లోనే, మీటరు రిఫరెన్స్ పిన్ను మీద ఉంచి, ఆ లైను మీది సెన్సార్ల కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పండి. ఏది విప్పగానే 5 వోల్టులు వస్తాయో అదే దొంగ. అన్నీ విప్పినా రాకపోతే ఈసీయూకి వాల్వ్‌కి మధ్య వైరు చూడాలి. ఈసీయూ పోయిందన్న మాట ఆఖర్న రావాలి. ఈ పరీక్షలో విప్పిన ప్రతి సెన్సార్ ఒక కొత్త కోడ్ పుట్టిస్తుంది, చివర్లో అన్నీ చెరపండి.

6. గ్రౌండ్‌ని ఓమ్‌లతో నమ్మవద్దు

ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఓమ్ స్కేలు మీద బాగానే కనిపిస్తుంది. అందుకని కనెక్టర్ తిరిగి పెట్టి, కీ ఆన్‌లో గ్రౌండ్ పిన్ను వెనక నుంచి ప్రోబ్ గుచ్చి, బ్యాటరీ నెగెటివ్‌తో తేడా కొలవండి. 0.1 వోల్టు లోపల ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ మేరకు సిగ్నల్ కూడా పైకి జరుగుతుంది, "మూసిన" వాల్వ్ ఈసీయూకి కొద్దిగా తెరిచినట్టు కనబడుతుంది. గ్రౌండ్ పూర్తిగా తెగితే సిగ్నల్ 5 వోల్టులకి ఎగిరి పీ0406 వస్తుంది. పీ0406 చూసి వాల్వ్ మార్చి, తర్వాత గ్రౌండ్ వైరు అతికించిన కేసులు ఇందుకే అన్నన్ని.

7. సిగ్నల్ వైరుని ఈసీయూ వరకు నిరూపించడం

మొత్తం వ్యవహారంలో బాగా పనికొచ్చే పరీక్ష ఇదే. వాల్వ్‌ని పక్కనపెట్టి, దాని బదులు మీరే సిగ్నల్ ఇస్తారు.

కనెక్టర్ విప్పండి, కీ ఆన్. హార్నెస్ వైపు రిఫరెన్స్ పిన్నునీ సిగ్నల్ పిన్నునీ ఫ్యూజ్ జంపర్‌తో కలపండి. స్కానర్‌లో వోల్టేజీ 5 దగ్గరికి ఎక్కాలి, లేదా పీ0405 పోయి పీ0406 రావాలి. తర్వాత సిగ్నల్ పిన్నుని గ్రౌండ్ పిన్నుతో కలపండి. ఈసారి 0కి పడాలి, పీ0405 రావాలి. రిఫరెన్స్ పిన్నుని నేరుగా గ్రౌండ్‌కి మాత్రం కలపకండి.

రెండు వైపులా ఈసీయూ సరిగ్గా స్పందించిందంటే వైరింగ్, ఈసీయూ రెండూ బాగున్నట్టే. 5 వోల్టులు, గ్రౌండ్ కూడా బాగున్నాయని ముందే తేలింది కాబట్టి తప్పు వాల్వ్ లోపలి సెన్సార్‌దే. ఇప్పుడు కొత్త వాల్వ్ అడగడానికి మీ దగ్గర రుజువు ఉంది.

స్పందన లేకపోతే సిగ్నల్ వైరు తెగిందో, షార్టయిందో చూడాలి. బ్యాటరీ నెగెటివ్ తీసి, ఈసీయూ కనెక్టర్ విప్పి, ఈ కొస నుంచి ఆ కొసకి కొలవండి: 1 ఓమ్ లోపల ఉండాలి. అదే వైరుకీ బాడీకీ మధ్య, పక్క వైర్లకీ మధ్య అసలు కనెక్షన్ కనబడకూడదు. తెగిన చోట మెలిపెట్టి టేపు చుట్టడం ఇంజిన్ వేడికి నిలవదు. క్రింప్ చేసి లేదా సోల్డర్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి.

8. సెన్సార్ మధ్యలో తడబడుతుంటే

కొన్ని సెన్సార్లు మూసినప్పుడు, తెరిచినప్పుడు బాగానే ఉండి మధ్యలో ఎక్కడో తడబడతాయి. పొటెన్షియోమీటర్ రకంలో ఒక చిన్న బ్రష్ కార్బన్ ట్రాక్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. వాల్వ్ ఎక్కువసేపు ఉండేది మూసిన స్థానం దగ్గర, కొద్దిగా తెరిచిన చోట, కాబట్టి ట్రాక్ అక్కడే ముందు అరుగుతుంది. కనెక్టర్ పెట్టి, సిగ్నల్ పిన్ను వెనక నుంచి మీటరు తగిలించి, స్కానర్ యాక్చువేటర్ టెస్టులో వాల్వ్‌ని 10 శాతం చొప్పున తెరుస్తూ వెళ్లండి. వోల్టేజీ మెట్లు మెట్లుగా సమంగా పెరగాలి (తలకిందుల రకంలో తగ్గాలి). ఒక్కసారిగా సున్నాకి పడి లేచిందంటే ట్రాక్ పోయింది. మామూలు మీటరు ఆ క్షణాన్ని పట్టుకోలేదు, మిన్/మ్యాక్స్ బటన్ ఉంటే వాడండి, వోల్టేజీని తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ ఉంటే ఇంకా మంచిది.

వాల్వ్ విప్పి చేతిలో ఉంటే ఈ రకాన్ని ఓమ్‌లతోనూ చూడవచ్చు: కొసల మధ్య కొన్ని కిలో ఓమ్‌లు స్థిరంగా ఉండాలి, సిగ్నల్ పిన్నుకి మాత్రం వాల్వ్ కదిలేకొద్దీ సాఫీగా మారాలి. అయస్కాంతంతో పనిచేసే హాల్ రకానికి ఓమ్ పరీక్ష చెల్లదు, ఏ అంకె వచ్చినా దానికి అర్థం లేదు. దాన్ని కరెంటు ఇచ్చే పరీక్షించాలి. ఇటీవలి కొన్ని వాల్వ్‌లు డిజిటల్ సిగ్నల్ పంపుతాయి. మీటరు మీద అది ఏదో సగటు వోల్టేజీలా కనబడుతుంది, అక్కడ స్కోపో కంపెనీ స్కానరో తప్పదు.

వేడెక్కాకే వచ్చే తప్పయితే, మీటరు తగిలించి ఉంచి సెన్సార్ మూత మీద హెయిర్ డ్రయ్యర్ గాలి పెట్టండి.

9. సెన్సార్ నిజమే చెబుతోందా?

పీ0404 వచ్చినప్పుడు ఈ ప్రశ్న వేసుకోవాలి. మూతి దగ్గర మసి గడ్డ అడ్డుపడి వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే, సెన్సార్ ఉన్నది ఉన్నట్టే చెబుతుంది. అప్పుడు సెన్సార్‌ని నిందించి లాభం లేదు. నల్ల పొగ, పికప్ లేకపోవడం, ఐడిల్‌లో వణుకు ఉంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందని అనుమానించండి.

ఎయిర్ ఫ్లో విలువతో సరిచూసుకోవచ్చు. 1.3 లీటర్లు అని పిలిచే 1248 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్లో ఒక్కో సిలిండర్ 312 సీసీ. గాలి సీసీకి సుమారు 1.15 మిల్లీగ్రాములు, నింపుడులో కొంత నష్టం పోతే, ఈజీఆర్ మూసి ఉన్న ఐడిల్‌లో స్ట్రోక్‌కి సుమారు 300 నుంచి 350 మిల్లీగ్రాములు రావాలి. సెన్సార్ "మూసి ఉంది" అంటూ గాలి అందులో మూడింట రెండు వంతులే వస్తోందంటే, వాల్వ్ తెరుచుకుని ఉందో ఎయిర్ ఫ్లో సెన్సార్ తప్పు చెబుతోందో తేల్చాలి. కొన్ని బండ్లు చాలాసేపు ఐడిల్‌లో ఉంచితే ఈజీఆర్‌ని తామే మూసేస్తాయి. ఒకసారి యాక్సిలరేటర్ నొక్కి వదిలి మళ్లీ చూడండి.

ఇంజిన్ చల్లారాక వాల్వ్ విప్పండి. కూలర్‌తో కలిసిన వాల్వ్ అయితే కూలెంట్ ముందే దించుకోవాలి. మసిని కార్బ్ క్లీనర్‌తో, మెత్తటి బ్రష్‌తో తీయండి. క్లీనర్ మోటారు, సెన్సార్ వైపు కారకుండా వాల్వ్ మూతి కిందికి పట్టుకోండి. మొత్తం వాల్వ్‌ని డీజిల్ గిన్నెలో నానబెట్టడం బాగున్న సెన్సార్‌ని చంపే పద్ధతి. ఇరుక్కున్న వాల్వ్‌ని స్క్రూడ్రైవర్‌తో తన్నితే లోపల ప్లాస్టిక్ గేరు పళ్లు ఊడతాయి. తర్వాత మోటారు తిరుగుతుంది కానీ వాల్వ్ కదలదు. గ్యాస్కెట్ కొత్తదే వేయండి.

10. బిగించాక

శుభ్రం చేసినా, కొత్తది వేసినా మూసిన స్థానం మారుతుంది. పాత విలువ గుర్తుపెట్టుకున్న ఈసీయూ కొత్త వాల్వ్‌ని కూడా తప్పుపట్టగలదు, కాబట్టి స్కానర్‌లో ఈజీఆర్ అడాప్టేషన్ రీసెట్ చేసి నేర్పించండి. కొన్ని బండ్లు కీ ఆఫ్ చేసినప్పుడో ఆన్ చేసినప్పుడో తామే నేర్చుకుంటాయి. వాటికి కీ ఆఫ్ చేసి ఒకటి రెండు నిమిషాలు బ్యాటరీ జోలికి పోకుండా వదిలేస్తే చాలు.

కోడ్లు చెరిపి, ఇంజిన్ పూర్తి వేడికి వచ్చేదాకా నడపండి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసుకున్న అదే వేగం, అదే ఆర్‌పీఎమ్ దగ్గర కొంతసేపు ఉంచి, మెల్లగా వదిలి, మళ్లీ పట్టుకోండి. చాలా ఓబీడీ తప్పులకు వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనబడితేనే లైటు వెలుగుతుంది కాబట్టి, మొదటి ట్రయల్‌లో లైటు రాలేదని బండి అప్పగించేయకండి. స్కానర్‌లో పెండింగ్ కోడ్లు చూడండి. అక్కడ పీ0405 మళ్లీ కూర్చుని ఉంటే, ఈసారి మూడో మెట్టులో వైరుని ఊపే పని ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, చేతికి గ్లవుజు వేసుకుని చేయండి.